పట్టబడిన పట్టణము: ఓరుగల్లు నేర్పు పాఠము

యుద్ధ చరిత్రలలో అధిక భాగము పట్టణపు గోడ కూలిన దినముతో ముగియును. ఏ సేనాని ఏ ద్వారమున ప్రవేశించెనో, ఎన్ని ఏనుగులు చిక్కెనో, రాజు ఏమాయెనో వ్రాయబడును. గోడ లోపల నివసించు ప్రజలకైతే అసలు కథ ఆ మరునాడే ఆరంభమగును. ఉదయమున అంగడి తెరువవచ్చునా? చెరువు తూము ఎత్తి పొలమునకు నీరు వదలువాడెవడు? శిస్తు ఎవరికి చెల్లింపవలెను? ఊరి పేరైనను మునుపటిదేనా? శత్రువు పట్టణమును పట్టుకొనిన ప్రతి సైన్యమును ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసినదే. కొందరు న్యాయముగా చెప్పిరి, అనేకులు చెప్పలేకపోయిరి.

అట్టి పట్టణములలో తెలుగువారికి అతి సమీపమైనది ఓరుగల్లు. 1323 నుండి 1336 వరకు 13 సంవత్సరములు అది పరసైన్యపు చేతిలో ఉండెను. ఈ పాఠమున మొదట ఆ 13 సంవత్సరములను పరిశీలింపవలెను. పిమ్మట ఆ పట్టణము నుండి పారిపోయినవారు చేరిన బస్తరు అడవులను, ఆ అడవులలో నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా జిల్లాలోనున్న జగర్గుండా అను గ్రామమును చూడవలెను. జగర్గుండా మహానగరము కాదు. దానిని పరరాజెవడును ముట్టడింపలేదు. అయినను ఓరుగల్లులో పుట్టిన ప్రశ్నయే ఈ తరమువారి కన్నుల ఎదుట ఆ చిన్న గ్రామములో మరల పుట్టినది.

1. పట్టణపు బలము

కాకతీయుల మొదటి రాజధాని హనుమకొండ. గణపతిదేవుడు (1199–1262) ఓరుగల్లును రాజధానిగా చేసి, దాని చుట్టు రాతి కోటను కట్టించుట ఆరంభించెను. అతని కుమార్తె రుద్రమదేవి ఆ పనిని కొనసాగించి, గోడ ఎత్తును పెంచెను. రాతి గోడ వలయము అడ్డముగా సుమారు 1.2 కిలోమీటర్లు, దానికి 45 బురుజులు. దాని వెలుపల కందకము, ఆ వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డము గల మట్టి గోడ. పట్టణపు నడుమ స్వయంభూ శివుని ఆలయము, దాని నాలుగు దిక్కుల నాలుగు శిలా తోరణములు ఉండెను.

అయితే ఓరుగల్లు బలము రాతిలో మాత్రమే ఉండలేదు. చెరువులు త్రవ్వించి మెట్టభూమిని సాగుభూమిగా మార్చిన నాయకులును, ఆ చెరువుల క్రింద పండించిన రైతులును, పన్నులు చెల్లించిన వర్తకులును కలిసి ఆ పట్టణమును నిలువబెట్టిరి. ఈ సంగతి చదువరి మనసునందుంచుకొనవలెను. ఏలయనగా గోడను పట్టుకొనినవాడు ఈ చెరువులను, ఈ రైతులను పట్టుకొనినట్లు కాదని పిమ్మట తేలినది.

2. ఇరువది యేండ్ల దండయాత్రలు

ఢిల్లీ సుల్తానుల సేనలు ఓరుగల్లు మీదికి ఒక్కసారి వచ్చి గెలిచినవి కావు. 1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన సేన ఓటమి చెంది మరలిపోయెను. 1309లో బయలుదేరిన మాలిక్ కాఫూరు మరుసటి సంవత్సరము ఆరంభమున మట్టి గోడను భేదించి, రాతి గోడను చుట్టుముట్టెను. ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇచ్చి, ఏటేట కప్పము చెల్లింతునని ఒప్పుకొని పట్టణమును కాపాడుకొనెను. 1318లో కప్పము కొరకు మరియొక సేన వచ్చెను.

ఢిల్లీలో తుగ్లకు వంశము అధికారమునకు వచ్చిన పిమ్మట, గియాసుద్దీన్ తుగ్లకు కుమారుడగు ఉలుగ్ ఖాను 1321లో ఓరుగల్లును ముట్టడించెను. ముట్టడి సాగుచుండగా ఢిల్లీ నుండి వచ్చు వార్తలు నిలిచిపోయెను. సుల్తాను మరణించెనను వదంతి శిబిరములో వ్యాపింపగా సేనానులు చెదరిపోయిరి. ఉలుగ్ ఖాను దేవగిరికి వెనుదిరిగెను. వదంతి ఒకటి గొప్ప సైన్యమును కరగించివేసెను. అయితే 1323లో అతడు క్రొత్త బలముతో తిరిగి వచ్చెను. బీదరును, బోధనును పట్టుకొని, వెనుకటి మార్గమును భద్రపరచుకొని, ఓరుగల్లును చుట్టుకొనెను. నెలల తరబడి సాగిన ముట్టడిలో కోట లోపల ఆహారము తరిగిపోయెను. ప్రతాపరుద్రుడు లోబడెను.

అతనిని ఢిల్లీకి పంపిరి. అతడు ఢిల్లీ చేరలేదు. త్రోవలో నర్మదా తీరమున మరణించెను. ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము ఆ నదీతీర మరణమును పేర్కొనుచున్నది. రాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనము అతడు తన ఇచ్ఛ చొప్పుననే లోకమును విడిచెనని తెలుపుచున్నది.

3. మరునాటి పరిపాలన

విజేతలు ఓరుగల్లునకు సుల్తానుపురము అని పేరు పెట్టిరి. ఆ పేరిట నాణెములు ముద్రింపబడెను. స్వయంభూ శివుని ఆలయము కూల్చబడెను. దాని నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి. కోట లోపల నేటికిని నిలిచియున్న ఖుష్ మహలు అను వాలు గోడల సభామందిరము తుగ్లకుల కాలపు కట్టడమని పలువురు పండితులు ఎంచుచున్నారు. రాజమహేంద్రవరమున 1324 నాటి శిలాశాసనము గల మసీదు వెలసెను. కోస్తా వరకు క్రొత్త అధికారము చేయి చాపినదనుటకు అది సాక్ష్యము.

పేరు, నాణెము, కట్టడము: ఈ మూడును పట్టుకొనినవాడు తన అధికారమును ప్రకటించు గుర్తులు. వీటిని వేయుట సులభము. పరిపాలన చేయుటకు దేశమును ఎరిగిన మనుష్యులు కావలెను. అందుచేత విజేతలు తెలుగువాని యొకనిని ఏర్పరచుకొనిరి. కాకతీయుల కొలువులో పెద్ద పదవిలో నుండి, పట్టుబడి, ఇస్లామును స్వీకరించి మాలిక్ మక్బూలు అను పేరు పొందిన ఆ మనుష్యుని గన్నమ నాయకునిగా తెలుగు చరిత్రకారులు గుర్తించిరి. ఢిల్లీ చరిత్రకారుడగు అఫీఫ్ అతడు తెలంగాణమువాడని స్పష్టముగా వ్రాసెను. అతడు ఓరుగల్లునకు పాలకుడాయెను.

ఇట్టి సంగతి అంతకు సుమారు 19 శతాబ్దములకు పూర్వము యెరూషలేములోను జరిగెను. క్రీస్తుపూర్వము 586 ప్రాంతమున బబులోను రాజైన నెబుకద్నెజరు సేన ఆ పట్టణమును కాల్చి, ప్రాకారములను పడగొట్టి, రాజైన సిద్కియాను గ్రుడ్డివానిగా చేసి కొనిపోయెను. కాని సేనాధిపతియగు నెబూజరదాను ఆస్తి లేని బీదలను దేశమందే విడిచి, వారికి ద్రాక్షతోటలును పొలములును ఇచ్చెనని యిర్మీయా గ్రంథపు 39వ అధ్యాయము తెలుపుచున్నది. వారిమీద గెదల్యా అను యూదుడే అధికారిగా నియమింపబడి మిస్పాలో కాపురముండెను. పంటను కూర్చుకొని, భయపడక నివసింపుడని అతడు ప్రజలను బ్రతిమాలెను. చెదరిపోయినవారు తిరిగి వచ్చి పండ్లను విస్తారముగా సమకూర్చుకొనిరి. కొద్ది మాసములలోనే రాజవంశీయుడైన ఇష్మాయేలు అతనిని భోజనపు బల్లయొద్దనే చంపెను. శేషించినవారు భయపడి ఐగుప్తునకు పారిపోయిరి.

గెదల్యా, మక్బూలు, వీరిద్దరి గుణములు ఒక్కటే అని చెప్పరాదు. అయితే వీరి స్థానము ఒక్కటే. పట్టుకొనినవానికిని పట్టబడినవానికిని నడుమ నిలుచువానిని ఇరుపక్షములును అనుమానించును. పరపాలన క్రింద ప్రాణముతో మిగిలిన ప్రజలకు అన్నము, నీరు, న్యాయము దొరకవలెనన్న నడుమ నిలుచువాడొకడు ఉండవలెను. వానిని చంపినవాడు శత్రువును దెబ్బతీసితినని తలంచవచ్చును గాని, ఆ దెబ్బ తగులునది పంట కూర్చుకొను బీదలకే.

4. పల్లెల సాక్ష్యము

సుల్తానుపురపు నాణెములు విజేత మాటను చెప్పును. పల్లెల మాటను చెప్పునది కోనసీమలో దొరకిన విలస తామ్రశాసనము. ప్రతాపరుద్రుని పిమ్మట దేశము చీకటిలో మునిగెననియు, అగ్రహారములు లాగివేయబడెననియు, దేవాలయములు చెడగొట్టబడెననియు, రైతు పండించినది రైతుకు దక్కలేదనియు, ధనికుల కుటుంబములును దరిద్రుల కుటుంబములును సమముగా నాశనమాయెననియు, ఏ వస్తువును తమదని చెప్పుకొనుటకు మనుష్యులు జంకిరనియు ఆ శాసనము తెలుపుచున్నది.

ఇది జయించిన క్రొత్త నాయకుని కీర్తింప వ్రాసిన శాసనము. శత్రువును నల్లగా చూపుట అట్టి వ్రాతల వాడుక. ఈ సంగతి ఎరిగి చదువవలెను. అయినను ఒక మాట గమనింపదగినది. ప్రోలయ నాయకుని కీర్తించుచు ఆ శాసనము యుద్ధ విజయములతో ఊరుకొనలేదు. అగ్రహారములు తిరిగి ఇయ్యబడుటను, రైతులు తమ పంటలో న్యాయమైన పాలును తమంతట తామే చెల్లించుటను చెప్పినది. ప్రజలు మంచి పాలనను దేనితో కొలిచిరో ఇందువలన తెలియును. ఎవడు కోటను పట్టెనని వారు కొలువలేదు. పంటలో ఎవడు ఎంత తీసికొనెనని కొలిచిరి.

5. తప్పు ఒక్క మతమువారిది కాదు

ఇచ్చట పొరపడుటకు అవకాశము కలదు. ఓరుగల్లు కథను విని, పట్టణములను దోచుట ఒక మతమువారి స్వభావమని తీర్పు తీర్చుటకు మనుష్యుని మనసు త్వరపడును. చరిత్ర ఆ తీర్పును ఒప్పుకొనదు.

మొదటిది, ఓరుగల్లువారే అన్యుల పట్టణములను పట్టుకొనిరి. గణపతిదేవుని సేనలు కంచి వరకు వెళ్లెను. ప్రతాపరుద్రుని సేనాని ముప్పిడి నాయకుడు 1316లో కంచిని పట్టుకొని, మానవీరుడను వానిని అచ్చట అధికారిగా నిలిపెను. అనగా ఓరుగల్లు కూలుటకు ఏడు సంవత్సరములకు ముందు, కంచిలో పరాయి అధికారిని నిలిపినవారు ఓరుగల్లువారే. అప్పుడు ఆ విజయము రాజధానిలో గర్వకారణముగానే ఎంచబడియుండును. పట్టుకొనువారి స్థానములో నుండి చూచినవారు, పట్టబడినవారి స్థానములో నుండి చూచుటకు ఏడేండ్లు చాలెను.

రెండవది, క్రైస్తవ లోకమునకు ఇంతకంటె తలవంపులైన దినమొకటి కలదు. సిలువ గుర్తు ధరించి యెరూషలేమునకని బయలుదేరిన పాశ్చాత్య సేనలు త్రోవ మళ్లి, 1204 ఏప్రిలులో తూర్పు క్రైస్తవుల రాజధానియగు కాన్‌స్టాంటినోపులును పట్టుకొని మూడు దినములు దోచుకొనిరి. ఆలయములలోని బలిపీఠములను సైతము విడువలేదు. క్రైస్తవుడు క్రైస్తవుని పట్టణమును దోచెను. ఆ పాలన 57 సంవత్సరములు నడిచి 1261లో అంతరించెను. పట్టణము తిరిగి తూర్పువారి చేతికి వచ్చినను మునుపటి బలమును పొందలేదు. దాదాపు 8 శతాబ్దముల పిమ్మట, 2001లో పోపు రెండవ జాన్ పాల్ ఏథెన్సు నగరమున ఆ దోపిడీని తలంచి విచారము వెల్లడించెను. ఒక్క పట్టణమును మూడు దినములు దోచిన గాయము అంత కాలము పచ్చిగా నుండెను.

ఇందుకు భిన్నముగా నడచినవారును కలరు. క్రీస్తుపూర్వము 539లో పారసీక రాజైన కోరెషు సేన బబులోనులో యుద్ధము లేకయే ప్రవేశించినట్లు ఆ నగరపు పురాతన లేఖనములు చెప్పుచున్నవి. ఆ రాజు అచ్చటి దేవాలయ సేవలను ఆపలేదు; చెరపట్టబడి తేబడిన యూదులను తిరిగి పోనిచ్చెను. అతడు అన్యుడు, అయినను యెషయా గ్రంథము అతనిని గౌరవముతో పేర్కొనుచున్నది. కాబట్టి విజేతను తూచవలసినది వాని జెండా మీది గుర్తుతో కాదు. జెండా నిలిపిన మరునాడు బలహీనునికి వాడు చేసిన దానితో తూచవలెను.

6. అడవి ఇచ్చిన ఆశ్రయము

ఓరుగల్లు కూలినప్పుడు కొందరు లోబడిరి, కొందరు కొలువులో చేరిరి, కొందరు అడవి పట్టిరి. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఉత్తరపు అడవులకు వెళ్లి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము. బస్తరు రాజు దిక్పాలదేవుని కాలమున, 1703లో, దంతెవాడలో వేయబడిన శాసనము తమ వంశమును కాకతీయులతో కలుపుచున్నది. ఈ వంశక్రమము లోని వివరములను గూర్చి పండితులలో చర్చ కలదు. ఏదియెట్లున్నను, పట్టబడిన పట్టణపు జ్ఞాపకము దాదాపు 4 శతాబ్దముల పిమ్మట కూడ ఆ అడవిలో రాతి మీదికి ఎక్కెను. సుల్తానుపురము అను పేరు మాత్రము పట్టణములోనే నిలువలేదు.

రెండవ గుంపు అంత దూరము పోలేదు. బస్తరు అంచులను తాకుచు, కొంటా మీదుగా ప్రవహించు శబరి నది గోదావరిలో కలియు తావునకు సమీపమున రేకపల్లి కలదు. ముసునూరి ప్రోలయ నాయకుడు ఆ కొండల నడుమ రేకపల్లిని స్థావరముగా చేసికొని, చెదరిన నాయకులను కూర్చెను. అతని పిమ్మట కాపయ నాయకుడు ఆ పనిని చేపట్టెను; 75 మంది నాయకులు అతనిని సేవించిరని కలువచేరు శాసనము చెప్పుచున్నది. 1330 దశకమున మధుర సుబేదారు తిరుగబడగా, అప్పటికి ముహమ్మదు బిన్ తుగ్లకు అను పేరున సుల్తానైన ఉలుగ్ ఖాను స్వయముగా దండెత్తి ఓరుగల్లు వరకు వచ్చెను. అచ్చట అంటువ్యాధి సేనలో చెలరేగి అనేకులు చనిపోగా అతడు వెనుదిరుగవలసివచ్చెను. 1336లో కాపయ నాయకుడు హొయసల రాజు మూడవ బల్లాలుని సాయముతో ఓరుగల్లును పట్టుకొనెను. మాలిక్ మక్బూలు ఢిల్లీకి పారిపోయెను. అతడు పిమ్మట ఫిరోజు షా తుగ్లకునకు వజీరై ఖాన్-ఇ-జహాను అను బిరుదు పొందెను. అతని ఎనిమిది కోణముల సమాధి ఢిల్లీలో నిజాముద్దీన్ ప్రాంతమున నేటికిని కలదు.

ఇరువది యేండ్ల ప్రయాసచే పట్టిన కోట 13 సంవత్సరములలో చేజారెను. కారణములు పెక్కు: ఢిల్లీ దూరము, సేనలో వ్యాధి, ఇతర రాష్ట్రములలో తిరుగుబాటులు, నాయకుల ఐక్యత. వీటి అన్నిటి క్రింద మరియొక కారణము కలదు. చెరువును, రైతును కూర్చిన పాత బంధమునకు బదులుగా పట్టుకొనినవారు క్రొత్త బంధమును నిర్మింపలేకపోయిరి. పన్ను తీసికొనుటకు చేతులున్నవి; న్యాయమును ఇచ్చుటకు చేతులు చాలలేదు.

7. చట్టము చెప్పుమాట

పట్టణమును పట్టుకొనిన సైన్యమునకు హక్కులు మాత్రమే గాక బాధ్యతలు కలవను మాట 20వ శతాబ్దమున అంతర్జాతీయ చట్టముగా రూపొందెను. 1907 నాటి హేగు నిబంధనల ప్రకారము, శత్రుభూమిని వశపరచుకొనినవాడు అచ్చటి ప్రజాజీవితమును, శాంతిని సాధ్యమైనంత వరకు నిలుపవలెను, కుటుంబ గౌరవమును, ప్రాణమును, సొంత ఆస్తిని, మతవిశ్వాసములను గౌరవింపవలెను, దోపిడీ నిషిద్ధము. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందము ఇంకను ముందుకు పోయి, ప్రజలకు ఆహారమును, మందులను సమకూర్చుటయు, బాలుర విద్యాసంస్థలు నడుచుటకు తోడ్పడుటయు పట్టుకొనినవాని విధి అని చెప్పెను. జనులను బలవంతముగా తరలించుటను నిషేధించెను. భారతదేశము 1950లో ఈ ఒప్పందమును ఆమోదించెను.

అన్నము, మందు, బడి, ఇల్లు. రెండు ప్రపంచ యుద్ధములను చూచిన దేశములు తేల్చిన కొలమానము ఇది. విలస శాసనము వ్రాసినవారి కొలమానమును దీనికి దూరమైనది కాదు.

8. జగర్గుండా

ఈ కొలమానమును చేతపట్టుకొని, అన్నమదేవుడు చేరెనని చెప్పబడు అడవులకు మరల వెళ్లవలెను. జాతీయ రహదారి మీది దోర్నపాలు నుండి అడవిలోనికి 50 కిలోమీటర్లకు పైబడిన త్రోవ జగర్గుండాకు పోవును. చింతపండు, ఇప్పపువ్వు మొదలగు అటవీ ఫలముల సంతకు ఆ గ్రామము ఒకప్పుడు పేరుపడినది.

2005లో, మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం అను ఉద్యమము దక్షిణ బస్తరులో లేచెను. పల్లెలు ఖాళీయై, ప్రజలు రహదారుల ప్రక్కనున్న శిబిరములకు తరలింపబడిరి. జగర్గుండాలోను అట్టి శిబిరము వెలసి, ముళ్లకంచె చుట్టబడెను. కంచె లోపలివారికి వెలుపలివారు అనుమానితులు. వెలుపలివారికి లోపలివారు ద్రోహులు. త్రోవ మూతపడెను, బియ్యము సహితము బలగముల కాపుదలతో చేరవలసివచ్చెను. అదే త్రోవ ప్రాంతమున తాడిమెట్ల యొద్ద 2010 ఏప్రిలు 6న 76 మంది భద్రతా సిబ్బంది చంపబడిరి. 2017 ఏప్రిలు 24న బుర్కాపాలు యొద్ద 25 మంది చంపబడిరి. చనిపోయిన జవానులును పేదల కుమారులే. ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పెను.

ఇది పరదేశపు నగరమును పట్టుకొనుట కాదు; స్వదేశములో, స్వజనుల నడుమ జరిగిన పోరు. కావున దీనిని ఓరుగల్లుతో సమానము చేయరాదు. అయినను కంచె లోపలి తల్లి అడిగిన ప్రశ్నలు ఓరుగల్లు కోట లోపలి తల్లి అడిగినవే: పొలమునకు పోవచ్చునా? సంత కూడునా? బిడ్డ బడికి పోవునా? 2006లో హింస నడుమ మూతబడిన జగర్గుండా పాఠశాల 2019లో, 13 సంవత్సరముల తరువాత, మరల తెరువబడెను. ఓరుగల్లు పట్టబడి యుండినదియు 13 సంవత్సరములే. బడి ఈడు బాలుడొకడు ఆ కాలములో పెండ్లియీడు వచ్చినవాడాయెను. వానికి అక్షరములను తిరిగి ఇచ్చువారెవరు? 2025లో ఆ గ్రామమున బ్యాంకు శాఖ తెరువబడెను. త్రోవ, బడి, బ్యాంకు చిన్న సంగతులుగా కనబడవచ్చును. ఒక ఊరు తిరిగి ఊరగుట ఇట్టి చిన్న సంగతులతోనే జరుగును.

9. తెలుగు వాకిట నిలిచినవారు

1323లో ఓరుగల్లువారు గోదావరి దాటి బస్తరు అడవిలో తలదాచుకొనిరని పైన చెప్పబడెను. 2005 తరువాత ప్రవాహము ఎదురు తిరిగెను. బస్తరు పల్లెలు కాలగా వేలాది కుటుంబములు శబరిని, గోదావరి అడవులను దాటి, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలలో ప్రవేశించెను. తెలుగువారు వారిని గుత్తికోయలని పిలిచిరి. వారు అడవిలో చెట్లు నరికి పోడు చేసికొనిరి. అటవీ శాఖవారు గుడిసెలను తొలగించిరి. వారు మరల కట్టుకొనిరి. స్వరాష్ట్రమున షెడ్యూల్డు తెగగా ఎంచబడినవారికి ఈ వైపున ఆ ధ్రువపత్రము దొరకుట కష్టమాయెను. మిరప చేలలో కూలికి వచ్చువారిగా తప్ప, పొరుగువారిగా వారిని చూచినవారు కొద్దిమంది.

అడవిని కాపాడవలసిన బాధ్యత అటవీ అధికారులకు కలదు. స్థానిక ఆదివాసులకును తమ భూమి మీద హక్కు కలదు. ఈ చిక్కు ఒక్క మాటతో విడునది కాదు. అయితే ఒక ఋణము మాత్రము స్పష్టము. తెలుగు రాజధాని కూలిన దినమున ఆశ్రయమిచ్చినది ఆ అడవియే. ఆ అడవి నుండి కాలిన ఇంటిని వెనుక విడిచి వచ్చినవాడు నేడు తెలుగు పల్లె వాకిట నిలిచియున్నాడు. చెరలోనున్న యూదులు తాము నివసించు పరపట్టణపు క్షేమమును వెదకవలెనని యిర్మీయా తన ఉత్తరములో హెచ్చరించెను. పరదేశి తాను చేరిన ఊరి మేలు కోరవలెనన్నచో, ఆ ఊరు పరదేశి మేలు కోరవలదా?

ఇప్పుడు సుల్తానుపురము అను పేరు చరిత్ర గ్రంథములలోనే కనబడును. ఓరుగల్లు వరంగల్‌గా పిలువబడుచున్నది. నాలుగు శిలా తోరణములు యథాస్థానమున నిలిచి, వాటి రూపము 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నములో చేరెను. వాటి ప్రక్కనే ఖుష్ మహలు నిలిచియున్నది. రెండింటిని చూచుటకు వచ్చువారు, గోడలను గూర్చి అడిగిన పిమ్మట, ఆ గోడల మధ్య 1323 నాటి మరునాడు లేచిన సామాన్యులను గూర్చియు అడుగుదురు గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గోడను పట్టుకొనుటకును పట్టణమును పాలించుటకును గల భేదమును ఓరుగల్లు చరిత్ర ఏ సంగతులవలన చూపుచున్నది?

2. గెదల్యా వంటి మనుష్యుడు ద్రోహియా, కాపరియా? అట్టి స్థానమున నిలిచినవానిని దేనినిబట్టి తూచవలెను?

3. 1316 నాటి కంచి, 1204 నాటి కాన్‌స్టాంటినోపులు జ్ఞాపకము చేసికొనినవారు అన్య మతస్థులను గూర్చి తీర్పు తీర్చుటలో ఏ జాగ్రత్త వహింపవలెను?

4. చదువరి నివసించు ఊరిలో, ఇల్లు కాలి లేక భూమి పోయి వచ్చి చేరినవారు ఎవరైనను కలరా? వారి బిడ్డలు బడికి పోవుచున్నారా?